కాఫీ చల్లారేదాకా

నంద్యాల,
16 ఫిబ్రవరి 2025

అన్నకు లూదియా వందనాలు.

సంచిలో చెయ్యి పెట్టి వెదికి, కాఫీపొడి పొట్లం లేదని తేల్చుకున్నాకే ఈ కాగితం విప్పుతావని నాకు తెలుసు. లేదు. నేను మర్చిపోనూ లేదు, ఇస్సాకు దారిలో పారేసుకోనూ లేదు. నేనే పెట్టలేదు. దానికి బదులు రాగిపిండీ శొంఠిపొడీ పెట్టాను. ఇస్సాకు మీద కేకలు వేయకు. ఇక్కడి విత్తనాల గోడౌన్‌లో పనికి రోజూ ఆళ్లగడ్డ నుంచి వచ్చిపోతూ మనిద్దరికీ పోస్టుమాన్ అయిన పాపానికి అతను ఇప్పటికే చాలా పడ్డాడు.

విషయం చెప్తాను. మా చర్చి స్త్రీల కూటం వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. కాఫీగింజలు వేయించేటప్పుడు క్యాన్సర్ తెచ్చే పదార్థం ఒకటి పుడుతుందట. అమెరికాలో ఒకచోట కాఫీ అంగళ్ల ముందు హెచ్చరిక బోర్డులు కూడా పెట్టమన్నారట. చదివిన దగ్గర్నుంచి నాకు నాయనే కళ్లముందు. తెల్లారి నాలుగు గ్లాసుల బెల్లం కాఫీ తాగిన మనిషి, ఆఖరికి చెంచాడు నీళ్లు కూడా దిగక పోయాడు. ఆ జబ్బుకు అప్పుడు మనకు పేరు కూడా తెలియదు. గొంతుగడ్డ అన్నారు, గాలి సోకింది అన్నారు. ఇప్పుడు నాయన తర్వాత ఆ ఇంట్లో అంత కాఫీ తాగేది నువ్వే.

వచ్చే నెల అయిదో తేదీ నుంచి ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమకాలం. అందరూ ఏదో ఒకటి వదులుతారు. పోయినేడు నువ్వు టీవీ వదిలావు. చెవులు వినపడనివాడు టీవీ వదలడం ఏం త్యాగమని మీ చర్చి అయ్యగారు కూడా నవ్వుకున్నారట. ఈ ఏడు కాఫీ వదులు. ఈస్టర్ దాకా వదిలితే ఆ తర్వాత నాలుకే మర్చిపోతుంది.

ఫోన్ చేసి చెప్పేదాన్నే. చెవి మిషన్ పెట్టుకోవు, నేను అరిస్తే మా వీధంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే ఈ రాత.

నీ మేలు కోరే
లూదియా


ఆళ్లగడ్డ,
20 ఫిబ్రవరి

లూదియమ్మకు,

నీ రాగిపిండి అందింది. సంచి అడుగున కాఫీ వాసన మాత్రం పోయిన నెలది ఇంకా ఉంది. దాన్ని కాసేపు పీల్చుకుని నీకు జవాబు రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. ఎవరు రాశారో, ఎక్కడ చదివి రాశారో లేని మాటను పాఠం అనరు. నాయన కాఫీ తాగాడు నిజమే. చుట్టా తాగాడు. ఎండలో చాకిరీ చేశాడు. పస్తులున్నాడు. వీటన్నిట్లో నీకు కాఫీ ఒక్కటే దొరికిందా?

నాయన కాఫీ ఎట్లా తాగేవాడో నీకు గుర్తుందా? పొయ్యి మీద నుంచి దించింది దించినట్టే గొంతులో పోసుకునేవాడు. పొద్దు పొడిచేలోపు పెద్దోళ్ల చేలో ఉండాలి కదా, కూలికి పోయేవాడు కాఫీ చల్లార్చుకుంటూ కూర్చుంటాడా? మనం ఊదుకుంటూ తాగితే, "ఏందిరా, చంటిబిడ్డల మాదిరి ఊదుకుంటాండారు, బేగా తాగి లెయ్యండి" అనేవాడు. ఆ పందెంలో ఎప్పుడూ నేనే గెలిచేవాణ్ణి, నువ్వు నాలుక కాల్చుకుని ఏడ్చేదానివి. తర్వాత అవుకులో ఉద్యోగానికి మొదటి బస్సు అందుకోవడానికి ఆ విద్యే పనికొచ్చింది. ఇప్పుడు బస్సూ లేదు, బడీ లేదు. అయినా పొగలు పోయిన కాఫీ నాకు కాఫీలా అనిపించదు.

మీ వదిన పద్మమ్మ పోయిన తర్వాత వంట రామసుబ్బమ్మ చేతిలో పడిందని తెలుసు కదా. పక్కింటి మనిషి, మంచి మనిషి, కానీ ఆమె జొన్నరొట్టె రానురాను అట్టముక్క అయిపోతోంది. కాఫీలో నానబెట్టుకుంటే తప్ప దిగడం లేదు. మధ్యాహ్నం అన్నం మధ్యలో కూడా రెండు గుక్కలు పడాల్సిందే. ఆమెకు ఇది అవమానంగా ఉంది. "నా కూరకు కాఫీ కలుపుకునేటోన్ని నిన్నే చూస్తాండా సారూ" అని నా చెవి దగ్గరికొచ్చి అరుస్తుంది. పళ్లు వదులయ్యాయని సర్దిచెప్పాను.

కాబట్టి ముసలితనంలో నాకున్న ఈ ఒక్క ఆధారాన్ని తియ్యకు. ఇక్కడి అంగట్లో కొన్న పొడి మట్టిలా ఉంది. వచ్చే సోమవారం ఇస్సాకు చేతికి మామూలు పొట్లం ఇవ్వు.

నీ అన్న
జీవరత్నం


నంద్యాల,
26 ఫిబ్రవరి

అన్నకు,

పొట్లం ఇవ్వలేదు. ఇవ్వను.

నువ్వు ఉత్తరంలో నవ్వించాలని చూశావు. నాకు నవ్వు రాలేదు. అన్నం మధ్యలో కూడా కాఫీ తాగుతున్నానని నువ్వే రాశావు. ఇంతకుముందు రోజుకు నాలుగు గ్లాసులు, ఇప్పుడు కూరలో కూడానా? దీన్ని అలవాటు అనరు, వ్యసనం అంటారు. సారా మానలేనివాళ్లు కూడా ఇట్లాగే కబుర్లు చెప్తారు.

నాయన మంచం పక్కన ఉన్నది నేను. నువ్వు అవుకులో ఉద్యోగంలో ఉన్నావు, ఆదివారం వచ్చి సోమవారం పోయేవాడివి. నీళ్లు చెంచాతో పోస్తే పెదవి పక్కనుంచి జారిపోయేవి. నేను కొంగుతో తుడిచేదాన్ని. ఆయన నావైపు చూసే చూపులో కోపం కూడా ఉండేది, నేనే సరిగ్గా పొయ్యడం లేదన్నట్టు. నిన్ను నిందించడానికి రాయడం లేదు. నువ్వు చూడలేదు, నేను చూశాను. ఇంకోసారి చూడలేను.

సిరి కూడా నీ పక్షమే. ఆస్పత్రిలో నర్సు కదా, తల్లి కంటే తెలివిగలదాన్నని దాని నమ్మకం. "అమ్మా, ఆ మెసేజ్ రాసినోళ్లెవరో, యాడ చదివినారో నీకు తెలుసా? ఊరికే మామను సతాయిస్తాండావ్" అంది. మీ మామాకోడళ్లకు ఒకే నోరు. నేను వినదలుచుకోలేదు.

ఈస్టర్ దాకా. అంతే అడుగుతున్నాను. చెల్లెలు నీ దగ్గర ఇప్పటిదాకా ఏం అడిగిందో చెప్పు?

లూదియా


ఆళ్లగడ్డ,
4 మార్చి

లూదియమ్మకు,

ఏమీ అడగలేదు. అది నిజం. పద్మమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అడక్కుండానే వచ్చి ఉన్నదానివి.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఎవరెవరు ఏమేం వదులుతున్నారని అడిగితే లేచి నిలబడి కాఫీ అని చెప్పాను. గుడిలో ఒక్కసారిగా గుసగుసలు. నాకు వినపడలేదు గానీ తలలు తిరగడం కనపడింది. ఇంటికొచ్చి ఇత్తడి ఫిల్టర్ తోమి అటక మీద పెట్టాను. రామసుబ్బమ్మ చూసి, "ఏం సారూ, దాన్ని ఆడ ఎక్కిచ్చినావ్, ఏందీ కత?" అంది. చెల్లెలి ఆజ్ఞ అని చెప్పాను. "మంచిపని చేసింది తల్లి, ఇంగ నా కూర రుచి తెలుస్తాది నీకు" అంది.

మాటిచ్చాను కాబట్టి నిలబడతాను. కానీ నాయన చూపు గురించి నువ్వు రాసిన వాక్యం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఇన్నేళ్లూ నాతో ఎందుకు చెప్పలేదు?

జీవరత్నం


నంద్యాల,
18 మార్చి

అన్నకు వందనాలు. ఈ వందనాలు నిండు మనసుతో.

ఇస్సాకు చెప్పాడు. నువ్వు కాఫీతో ఆగలేదట, ఒంటిపూట కూడా సరిగ్గా తినకుండా ఉపవాసం ఉంటున్నావట. చొక్కా భుజాల మీద వేలాడుతోందట. "జీవరత్నం సారు మాదిరి పట్టుదల మాలో ఎవురికీ లేదక్కా, సంఘమంతా అదే మాట్లాడుకుంటాంది" అన్నాడు. నేను మా స్త్రీల కూటంలో చెప్పుకున్నాను. అందరూ నీ కోసం ప్రార్థించారు. గర్వపడకూడదు కానీ పడ్డాను.

నేను తీపి వదిలాను. మా వీధి మలుపులో జిలేబీ బండి ఉంది. ఆ దారి మానేసి చుట్టూ తిరిగి మార్కెట్‌కు పోతున్నాను, మోకాళ్లు తిట్టుకుంటున్నాయి. నీ త్యాగం ముందు ఇదెంత.

ఉపవాసం మంచిదే గానీ మరీ నీరసపడకు. ఎండలు ముదురుతున్నాయి. పంపిన రాగిపిండితో జావ కాచుకో. పొయ్యి మీద నుంచి దించగానే వేడివేడిగా తాగు, గొంతుకు హాయిగా ఉంటుంది. శొంఠినీళ్లు కూడా అట్లాగే.

కాఫీ మానాక ఒళ్లు తేలికగా లేదా? నిజం చెప్పు.

నీ చెల్లెలు
లూదియా


ఆళ్లగడ్డ,
27 మార్చి

లూదియమ్మకు,

నిజం చెప్పమన్నావు. చెప్తున్నాను. ఇది నువ్వు ఒక్కదానివే చదువు.

నేను ఉపవాసం ఉండటం లేదు. పోయిన ఆదివారం అయ్యగారు ప్రసంగం మధ్యలో నావైపు చెయ్యి చూపించి ఏదో అన్నారు. అందరూ తిరిగి చూశారు. ఇస్సాకు తర్వాత కాగితం మీద రాసి చూపించాడు. నా ఉపవాసాన్ని ఆదర్శంగా తీసుకోమన్నారట. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి కాదని చెబుదామనుకున్నాను. అప్పటికే పాట ఎత్తుకున్నారు.

నాకు ఆకలి లేకపోవడం కాదు. తినలేకపోతున్నాను. కాఫీ ఉన్నప్పుడు రొట్టె నానబెట్టుకుని, అన్నం ముద్దకు ఒక గుక్క చొప్పున తోసుకుంటూ ఎట్లాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు అది లేదు. ముద్ద గొంతు దాటి రొమ్ము మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. నీళ్లు తాగితే నీళ్లూ దాని మీద నిలబడతాయి. కాసేపటికి బయటికి వచ్చేస్తుంది. రామసుబ్బమ్మ చూడకుండా దొడ్లోకి పోతాను. నీ జావ ఒకటి దిగుతోంది, అదీ వేడిగా ఉంటే రొమ్ములో మండుతోంది.

కాఫీ మానడం వల్ల గొంతు ఎండిపోయి ఇట్లా అవుతోందని నా అనుమానం. ఆలోచిస్తే, క్రిస్మస్ నాడు బిర్యానీలో ముక్క ఒకటి ఇట్లాగే నిలబడి కళ్లనీళ్లు తెప్పించింది. ఆ తర్వాతే అన్నంలోకి కాఫీ మొదలుపెట్టాను. అది పళ్ల సంగతి కాదేమో.

నువ్వు ఒప్పుకుంటే వ్రతం ఇక్కడితో ఆపి, మళ్లీ కాఫీతో తింటాను. ఈస్టర్ దాకా ఆగమంటే ఆగుతాను. నీకు ఇచ్చిన మాట కాబట్టి నిన్ను అడుగుతున్నాను.

జీవరత్నం


నంద్యాల,
28 మార్చి, పొద్దున

అన్నా,

ఒక్కదాన్నే చదవమన్నావు. చదవలేకపోయాను, సిరికి ఇచ్చాను. అది రొమ్ము మధ్యలో నిలబడుతోందన్న చోటికి వచ్చి ఆగిపోయి, రెండోసారి చదివింది. కాగితం కింద పెట్టకుండానే ఆస్పత్రికి ఫోన్ చేసింది.

కారు మాట్లాడి ఇస్సాకుతో ఈ చీటీ పంపుతున్నాను. అదే కారులో బయలుదేరు. రేపు కాదు, ఆదివారం ఆరాధన అయ్యాక కాదు. రెండు జతల బట్టలు, చెవి మిషన్ తెచ్చుకో. శిరివెళ్ల దాటాక ఇస్సాకు నాకు ఫోన్ చేస్తాడు, నేరుగా ఆస్పత్రికి వస్తాను. సిరి డాక్టరుతో మాట్లాడింది.

వ్రతం సంగతి దేవుడితో నేను చూసుకుంటాను. రామసుబ్బమ్మను కాఫీ పెట్టమని తాగి బయలుదేరు, గోరువెచ్చగా. ఏ మందు ఎక్కించాలన్నా నీలో కాస్త బలం ఉండాలి.

నాయనకు కూడా మొదట రొట్టే దిగలేదు. నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. అమ్మ రొట్టె గట్టిగా చేస్తోందని తిట్టేవాడు.

లూదియా


నంద్యాల,
3 ఆగస్టు

అన్నకు,

నువ్వు మళ్లీ నీ ఇంటికి చేరి వారం దాటింది. కర్నూలు వైద్యం అయ్యాక నువ్వు ఉండిపోయిన ఈ ఇల్లు బోసిగా ఉంది. నీ మంచం వాకిట్లోంచి తియ్యలేదు. వానకు తడుస్తుందని సిరి అంటే తడవనీ అన్నాను.

ఒక సంగతి ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. మార్చిలో కెమెరా గొట్టం వేసి చూసిన రోజు డాక్టరు మాట్లాడినప్పుడు, కంగారులో చెవి మిషన్ కారులోనే వదిలి వచ్చావు. ఆయన చెప్పింది నేను విని నీకు రాసి చూపించాను. అన్నవాహికలో గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపారని, కర్నూలులో కరెంటు వైద్యం, మందులు అవసరమవుతాయని రాశాను. అది సగం.

మిగతా సగం ఇది. నేను ఆయన్ను అడిగాను, కాఫీ వల్లేనా అని. ఆయన కాదన్నాడు. వేయించేటప్పుడు ఆ పదార్థం పుట్టే మాట నిజమేనట, కానీ తాగేవాళ్లను ఏళ్ల తరబడి గమనించి చూస్తే కాఫీ క్యాన్సర్ తెస్తుందనడానికి సరైన ఆధారం దొరకలేదట. అమెరికాలో ఆ బోర్డులు కూడా కాఫీకి అక్కర్లేదని తర్వాత తేల్చేశారట. కాలేయం క్యాన్సరయితే కాఫీ తాగేవాళ్లలోనే తక్కువ కనపడిందట. "మరి మా నాయన, మా అన్న ఇద్దరికీ ఇదే ఏందీ సార్?" అన్నాను. ఎట్లా తాగేవాళ్లని అడిగాడు. చెప్పాను. పొయ్యి మీద నుంచి దించింది దించినట్టే అని. పొగలు కక్కేంత వేడిగా ఏది తాగినా, కాఫీ గానీ టీ గానీ వట్టి నీళ్లు గానీ, అన్నవాహికకు ముప్పు పెరగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్లు అంటున్నారట. నాయనకు చుట్ట ఉంది, నీకు అదీ లేదు. అయినా ఒక మనిషి విషయంలో ఇదే కారణమని వేలు పెట్టి ఎవరూ చూపలేరని కూడా అన్నాడు.

అంటే నేను నీ దగ్గర్నుంచి తీసేసింది నీకు హాని చెయ్యనిది. దాని బదులు వేడివేడిగా తాగమని జావ పంపాను. తినలేక నువ్వు చిక్కిపోతుంటే ఉపవాసమని ఊరంతా చెప్పుకున్నాను. ఇది నీకు చెప్పే ధైర్యం కర్నూలులో నీ మంచం పక్కన కూర్చున్నన్నాళ్లూ రాలేదు. నీళ్లు చెంచాతో పోస్తూ, ఈసారి ఒక్క చుక్క కూడా పెదవి పక్కకు జారకూడదని మాత్రం అనుకునేదాన్ని.

ఈ సంచిలో కాఫీపొడి ఉంది. ఎప్పుడూ తెచ్చే అంగడిదే, నీకు నచ్చినంత చికోరీతో. డాక్టరును అడిగాను, తాగవచ్చన్నాడు. చల్లార్చుకుని.

లూదియా


ఆళ్లగడ్డ,
10 ఆగస్టు

లూదియమ్మకు,

కాఫీ పెట్టుకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి, దాని పక్కనే ఈ కాగితం పెట్టుకుని కూర్చున్నాను. పొగలు వస్తున్నాయి. అవి ఆగేలోపు నీకు రాయాల్సింది రాస్తాను.

నువ్వు దాచిన సగం నాకు తెలుసు. కర్నూలులో రెండోవారంలోనే సిరి రాసి చూపించింది. నువ్వు బయట మందుల కోసం నిలబడి ఉన్నావు. నీతో చెప్పొద్దు అంది. సరే అన్నాను. చూశావా, ఇద్దరం ఒకే మాటను ఒకరికొకరు తెలియకుండా దాచుకుని కూర్చున్నాం.

ఆ మాట తెలిసిన రోజు నీ మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. ఒక పూట ఉంది. తర్వాత మాస్టరు బుద్ధి కదా, లెక్క వేసుకున్నాను. నువ్వు కాఫీ ఆపకపోతే నేనేం చేసేవాణ్ణి? రొట్టె నానబెట్టుకుంటూ, ముద్దను గుక్కతో తోసుకుంటూ, రామసుబ్బమ్మ చేతిని తిడుతూ ఇంకా ఏడాది గడిపేవాణ్ణి. కాఫీయే నా జబ్బును నాకు కనపడకుండా చేసింది. నువ్వు దాన్ని లాగేస్తే జబ్బు బయటపడింది. నీ మెసేజ్ తప్పు. నీ భయం తప్పు కాదు. నేను ఈ రోజు ఈ బల్ల దగ్గర కూర్చుని ఉన్నానంటే ఆ తప్పు వల్లే. అందుకు నిన్ను క్షమించడం ఏమిటి, అందులో క్షమించడానికి ఏముంది.

స్కానింగు వచ్చే నెలలో. గడ్డ బాగా తగ్గిందని అన్నారు, పోయిందని అనలేదు. నేనూ అడగలేదు. నిన్న రామసుబ్బమ్మ అన్నం మెత్తగా పిసికి పెట్టింది. దిగింది. కాఫీ లేకుండానే దిగింది. ఆమె అక్కడే నిలబడి నా గొంతు వైపే చూస్తా ఉంది. "పోతాందా సారూ?" అని అడిగింది. పోతాంది అన్నాను. కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

పోయిన ఆదివారం గుడిలో లేచి నిలబడి ఆ ఉపవాసం అబద్ధమని చెప్పేశాను. నేను ఉపవాసం ఉండలేదు, జబ్బుపడ్డాను, మింగడానికి ఇబ్బందిగా ఉంటే మీరెవరూ దాచుకోవద్దు అన్నాను. ప్రసంగం కంటే ఎక్కువ శ్రద్ధగా విన్నారు. బయటికి వచ్చాక ఇస్సాకు వాళ్ల అమ్మ నా దగ్గరికి వచ్చి తన గొంతు చూపించింది. ఆమెను సిరి దగ్గరికి పంపుతున్నాను. చెప్పి ఉంచు.

పొగలు తగ్గాయి. గ్లాసు అంచు ఇంకా పట్టుకోలేనంత వేడిగా ఉంది. ఇంకాస్త రాస్తాను.

ఇట్లా కూర్చుంటే నాయన గుర్తొస్తున్నాడు. ఆయనకు వేడి ఇష్టమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇష్టం కాదేమో. చల్లారేదాకా కూర్చునే పొద్దు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. వాళ్ల నాయనకూ ఇచ్చి ఉండరు. చేను మీద ఎవరో కాచుకుని ఉంటారు, ఆలస్యమైతే కూలి పోతుంది. ఆ పరుగును మనం పౌరుషం అనుకుని పందేలు వేసుకున్నాం. నాకు ఉద్యోగం వచ్చింది, పింఛను వచ్చింది. ఆ పరుగు మాత్రం గొంతులో ఉండిపోయింది. మన ఇంట్లో కాఫీ ముందు పెట్టుకుని, చల్లారేదాకా కాళ్లు చాపుకుని కూర్చున్న మొదటి మనిషిని నేనే. నువ్వు రెండో మనిషివి కావాలి. సిరికి ఇది నేర్పక్కర్లేదు, దానికి ఎట్లాగూ ఫోన్ చూసుకునేసరికి చల్లారిపోతుంది.

నా మంచం వాకిట్లోంచి తీసి లోపల వెయ్యి. స్కానింగుకు వచ్చినప్పుడు అది కావాలి, తడిసిన నులకలో నేను పడుకోను.

ఇప్పుడు గ్లాసు చేత్తో పట్టుకున్నాను. పట్టుకోగలుగుతున్నాను. తాగుతాను, ఉంటాను.

నీ అన్న
జీవరత్నం